గుర్రాల భాగం

మా ఊరి ఆల్టులో రైలు ఆగడం నేను చూడలేదు. మా నాన్నా చూడలేదు. అయినా ఊళ్ళో సగంమంది ఏడాదికి మూడు నెలలు ఆల్టులోనే ఉంటారు. "ఏడకి పోతన్నావు వదినా?" అంటే "ఆల్టుకి" అంటారు. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు మొదటిరోజు ఆ మాట విని, అత్తగారు ఏదో ఊరు ప్రయాణమవుతోందని సంబరపడతారు. రెండోరోజుకి వాళ్ళ చేతిలోనూ ఒక చీపురు ఉంటుంది. మా ఆల్టు మిరపకాయలు ఎండబోసే కళ్ళం.

ఒకప్పుడు అది నిజంగానే రైలు ఆగే ఆల్టు, అంటే హాల్ట్ స్టేషను. గుంటూరు నుంచి మాచర్ల పోయే లైను మీద, మా ఊరికి అరమైలు దూరంలో ఉంటుంది. పెద్ద యుద్ధం రోజుల్లో మా పొలాలవతల రాతిబీడులో సైన్యం డేరాలు వేసిందట. ఆ బీడులో నీళ్ళు లేవు, నీడ లేదు, తేళ్ళు మాత్రం కావలసినన్ని. ఎవరితో యుద్ధం చేద్దామని అక్కడ దిగారో మా ఊరికి ఇప్పటిదాకా అంతుబట్టలేదు. జర్మనీవాడు కారంపూడి మీదుగా వస్తాడని వాళ్ళకెవరు చెప్పారో! సైన్యం దిగింది కాబట్టి రైలు ఆగాలి, రైలు ఆగాలి కాబట్టి ఆల్టు కట్టారు. మా వైపు నాపరాయికి కరువు లేదు గనక ప్లాట్‌ఫారం పొడవునా మందపాటి నాపరాళ్ళు పరిచారు. ఒక రేకుల షెడ్డు వేశారు, ఒక బోర్డు పాతారు, ఒక గంట కట్టారు. ఇంతా చేసి, రెండు జొన్నపంటలు చేతికొచ్చేలోగా యుద్ధమే అయిపోయింది. డేరాలు లేచిపోయాయి. రైలువాళ్ళొచ్చి బోర్డు పీక్కుపోయారు, గంట విప్పుకుపోయారు. రేకులు మాత్రం వాళ్ళు వచ్చేసరికే లేవు. అవి ఏమయ్యాయో మా ఊళ్ళో అడగకూడదు. అడిగితే చాలా మర్యాదస్తుల పాత వసారాల్లోకి తలెత్తి చూడాల్సి వస్తుంది.

రాళ్ళు మాత్రం అలాగే ఉండిపోయాయి. చాలా ఏళ్ళ తర్వాత చిన్న లైను తీసేసి పెద్ద లైను వేసినప్పుడు పట్టాలు ఇంకో పదిగజాలు అవతలకి జరిగాయి. దాంతో మా ప్లాట్‌ఫారం ఏ రైలుతోనూ సంబంధం లేకుండా చేల పక్కన ఒంటరిగా పడింది. మాకు కావలసిందీ అదే. నల్లరేగడి మీద కాయ పోస్తే మన్ను అంటుకుంటుంది. టార్పాలిన్ పట్టా మీద పోస్తే చెమ్మ పట్టి, రంగు తిరిగిన తాలుకాయ ఎక్కువవుతుంది. నాపరాయి మీద పోస్తే పైన ఎండ, కింద రాతివేడి. పదిరోజుల్లో కాయ గలగలలాడుతుంది. గుంటూరు యార్డులో బస్తా మూతి విప్పగానే "ఇది ఆల్టు కాయ" అని గుర్తుపట్టే వ్యాపారులున్నారని మావాళ్ళు చెబుతారు. నేను యార్డుకి పోయి విచారించలేదు.

ప్లాట్‌ఫారం మీద ఎవరి భాగం వాళ్ళకుంది. యుద్ధం రోజుల్లో ఆల్టులో కూలి చేసినవాళ్ళు ఏ చోట ఏ సామాను దించేవాళ్ళో, సైన్యం పోయాక ఆ చోటు వాళ్ళదైంది. తర్వాత వాళ్ళ పిల్లలదైంది. అందుకని పేర్లు కూడా అలాగే ఉన్నాయి. షెడ్డు ఉన్నచోటు దొరల భాగం. మధ్యలోది వంటసామాను భాగం. ఎవరూ రాసివ్వలేదు, ఎవరూ కొలవలేదు. పొలం గట్టు జానెడు జరిగితే తలలు పగలగొట్టుకునే ఊళ్ళో, ఆల్టు మీద భాగాల గురించి ఇంతవరకూ ఒక్క కేసు కాలేదు.

మాచర్ల వైపు చివరన, రాళ్ళు కొంచెం వాలుగా నేలకి దిగేచోటు గుర్రాల భాగం. సైన్యం గుర్రాల్ని రైలుపెట్టెల్లోంచి దించి నడిపించడానికి అలా వాలు పెట్టారట. వానొస్తే నీళ్ళు నిలవకుండా జారిపోతాయి కాబట్టి ఆల్టు మొత్తంలో అదే మేలైన చోటు. అది మా మేనత్తది. ఆ గుర్రాల్ని దించిన కూలి మా తాత, అంటే ఆమె నాన్న. అవి గుర్రాలు కావు, కంచరగాడిదలని ఊళ్ళో ఒకరిద్దరు అంటారు గానీ, మా అత్త ఊళ్ళో లేని రోజు చూసుకొని అంటారు.

అత్తకి డెబ్బై దాటాయి. మనిషి బక్కపలచన. గొంతు మాత్రం పెద్దది, ఆల్టులో అరిస్తే ఊళ్ళో ఉలిక్కిపడి పొయ్యి మీద ఎసరు దించుకుంటారు. ఆమెకి సెంటు భూమి లేదు. రెండెకరాలు కౌలుకి తీసుకొని మిరప వేస్తుంది. మామయ్య పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు పిడుగురాళ్ళలో లారీ తోలుతాడు, అక్కడే మూడో అంతస్తులో అద్దెకుంటాడు. ప్రతి క్రిస్మస్‌కీ వచ్చి "ఇంక చాల్లేమ్మా, మా దగ్గరికొచ్చి ఉండు" అంటాడు. ఒకసారి వెళ్ళింది కూడా. నాలుగోరోజుకి తిరిగొచ్చేసింది. "ఆడ కాలు కింద పెడితే ఇంకోడి నెత్తిన పెట్టినట్టేనే. ఆ కింద ఇంకోడు, ఆ కింద ఇంకోడు. ఎట్టా నిద్రపడద్ది?" అంది నాతో.

నేను నరసరావుపేటలో బడిపంతులమ్మని. ఆదివారం ఊరొచ్చి, చర్చికి పోయి, ఆ తర్వాత అత్త కళ్ళంలో కూర్చుని తాలుకాయ ఏరుతూ ఆమెతో పోట్లాడి, సాయంత్రం బస్సెక్కడం నా అలవాటు. మా ఇద్దరి కోపం ఒకే అంగట్లో కొన్నట్టుంటుంది. ఊరికే రాజుకుంటుంది, టీ తాగితే దిగిపోతుంది.

రెండేళ్ళ కింద ఒక జనవరి ఆదివారం నేను వెళ్ళేసరికి అత్త గుర్రాల భాగంలో నిలబడి ఒక మనిషిని దులిపేస్తోంది. రైలు లైను పక్కన రెండో లైను వేసే పని మొదలైంది. ఆ పని చేయించే సూపర్‌వైజరు అతను. చేతిలో సున్నం డబ్బా. ప్లాట్‌ఫారానికి అడ్డంగా, సరిగ్గా అత్త భాగం నడుమ నుంచి తెల్లటి గీత గీశాడు.

"ఇదంతా లారీలు తిరిగే దారమ్మా. ఈ రాళ్ళన్నీ లేపేస్తాం."

"ఎప్పుడు లేపేది?"

"వచ్చే నెల."

"వచ్చే నెల నాకు కాయ కోతకొస్తది. అది ఏడ పోసుకోవాల? నీ నెత్తిన పోసుకోనా?"

అతను తన నెత్తిని ఒకసారి తడుముకొని వెళ్ళిపోయాడు. అత్త గీత పక్కనే కూలబడింది. ఆమె భయం నాకు తెలుసు. మిగతావాళ్ళకి డాబాలున్నాయి, సొంత దొడ్లున్నాయి. ఆమెకి ఈ వాలు తప్ప కాయ పోసుకునే చోటు లేదు. కళ్ళం లేని మనిషికి మిరప వెయ్యమని కౌలు ఎవరిస్తారు? "రాళ్ళు పోతే కౌలు పోయినట్టే. కౌలు పోతే ఇంకేముంది, మూడో అంతస్తు" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు మామూలు మనిషి గొంతులా ఉంది. నాకు భయమేసింది.

ఇలాంటివి వచ్చినప్పుడు ఊరంతా వెళ్ళేది బాబాయి దగ్గరికి. ఆయన నాకు సొంత బాబాయేం కాదు, ఊరందరికీ బాబాయి. గురజాల కోర్టులో అటెండరుగా చేసి రిటైరయ్యాడు, ఇప్పుడు మా చర్చికి సంఘపెద్ద. ఇరవయ్యేళ్ళు కోర్టు తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలిచాడు కాబట్టి లోపల జరిగేదంతా తనకి తెలుసని ఆయన నమ్మకం. మా నమ్మకం కూడా. టీ హోటలు ముందు బెంచీ మీద కూర్చుని సంగతంతా విని, కళ్ళు మూసుకొని, తెరిచాడు.

"ఇది వట్టి రాళ్ళ తిన్నె అనుకోబట్టే లేపుతామంటన్నారు. అదే రైలాగే చోటైతే? ఎవడన్నా ముట్టుకుంటాడా? మనం మళ్ళీ ఆల్టు అడుగుదాం. రైలు ఆపమని అర్జీ పెడదాం."

బెంచీ చుట్టూ ఉన్న అందరూ భేష్ అన్నారు. నేనూ అన్నాను. అర్జీ రాయాల్సింది నేనేనని కూడా అప్పుడే తేలిపోయింది. ఊళ్ళో నా చేతిరాతకి పేరుంది. నా రచనకి కూడా ఉందని నేననుకునేదాన్ని.

ఆ మధ్యాహ్నం అత్త దగ్గర కూర్చుని తాత సంగతులన్నీ అడిగాను. ఇన్నేళ్ళలో ఆమెని అలా కుదురుగా అడగడం అదే మొదలు. ఒక గుర్రం ఎంతకీ పెట్టెలోంచి దిగనని మొండికేస్తే, సిపాయిలు కర్రలు తీశారట. తాత వాళ్ళని ఆగమని, తన తువ్వాలు దాని కళ్ళకి కట్టి, చెవిలో ఏదో చెబుతూ వాలు మీదుగా కిందికి నడిపించాడట. ఏం చెప్పావు నాయనా అంటే, "కిందికి పోతే గడ్డుందని చెప్పా" అనేవాడట. గడ్డెక్కడిది ఆ బీడులో! డేరాలు ఎత్తేసిన రోజు వాటిని మళ్ళీ రైలెక్కించింది కూడా ఆయనే. దించడం కన్నా ఎక్కించడం కష్టమయిందట. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదట.

ఇదంతా అర్జీలో పెట్టాను. మూడు పేజీలొచ్చింది. "యుద్ధకాలంలో దేశానికి సేవచేసిన ఈ చారిత్రక ఆల్టు" అని మొదలుపెట్టి, "ఎనభై ఏళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా రైలు కోసం ఎదురుచూస్తున్న గ్రామ ప్రజలు" అని ముగించాను. రాళ్ళ ఫోటోలు, వాలు ఫోటోలు, అంచు రాయి మీద చెక్కిన పాత ఇంగ్లీషు అంకెల ఫోటోలు జతచేశాను. ఆ అంకెల మీద సున్నం, కారం, పావురాల రెట్టా పేరుకుని ఉంటే, నేనే కొబ్బరిపీచుతో తోమి మరీ తీశాను. చదివి వినిపిస్తే బాబాయి "జడ్జీలు కూడా ఇట్టా రాయలేరమ్మా" అన్నాడు. అత్త మాత్రం తాత గురించి రాసిన చోటు మళ్ళీ చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది.

"మా నాయన కాయితంలోకెక్కాడే" అంది.

నిజమే. ఆయనకి భూమి లేదు కాబట్టి పాసుపుస్తకం లేదు, బడికి పోలేదు కాబట్టి సర్టిఫికెట్ లేదు. ఓటర్ల జాబితాలో తప్ప ఆయన పేరు ఎక్కడా రాసి లేదు. నాకు చాలా గర్వంగా అనిపించింది. ఊరంతా సంతకాలూ వేలిముద్రలూ వేసింది. రైల్వే ఆఫీసుకి పంపించాం.

మూడు వారాలకి బాబాయికి ఫోనొచ్చింది. గురువారం ఉదయం ప్యాసింజరు పోయే వేళకి ఒక ఆఫీసరు వచ్చి, ఇక్కడ ఎక్కేవాళ్ళు ఎంతమంది ఉంటారో చూస్తాడట. బుధవారం సాయంత్రం చర్చి మైకులో బాబాయి చెప్పాడు. "రేపు తొమ్మిది గంటలకి ప్రతి ఇంటి నుంచి ఇద్దరికి తగ్గకుండా ప్రయాణికులు రావాలని మనవి. సంచులు తెచ్చుకోవాలి. పెళ్ళి బట్టలు అక్కర్లేదు. ఆఫీసరుగారు ఎక్కడికని అడిగితే గుంటూరు ఆస్పత్రికని చెప్పండి. అది విని ఎవరి మనసైనా కరుగుద్ది."

నేను ఒకపూట సెలవు పెట్టి వచ్చాను. వచ్చేసరికి ఆల్టులో ఒక చిక్కు. అందరూ తమ కాయ ఎత్తేసి ప్లాట్‌ఫారం ఊడ్చి పెట్టారు. అత్త మాత్రం ఎత్తలేదు. ఆమె మొదటి కోత కాయ పోసి మూడురోజులయింది, గుర్రాల భాగం నిండా ఎర్రగా పరుచుకుని ఉంది.

"సగం ఎండిన కాయ కుప్పేస్తే బూజు పడద్ది. ఎత్తను" అంది.

"అక్కా, ఆఫీసరు చూస్తే ఏమనుకుంటాడు?" అన్నాడు బాబాయి.

"మిరగ్గాయలనుకుంటాడు."

చివరికి కాయ మీద నీలం పట్టా కప్పి, దాని ముందు ఒక వరస ప్రయాణికుల్ని నిలబెట్టేట్టు ఒప్పందం కుదిరింది. ఎర్రటి ఎండ. కింద సగం ఎండిన కాయ, పైన పట్టా. ఏం జరుగుతుందో మిరప పండించేవాళ్ళకి తెలిసుండాల్సింది. అయినా ప్రయాణికుల హడావిడిలో ఎవరూ ఆలోచించలేదు.

ఆఫీసరు మంచి మనిషిలాగే ఉన్నాడు. నడివయసు, కళ్ళద్దాలు, చంకలో నా అర్జీ ఉన్న ఫైలు. వెనక టేపు పట్టుకుని ఒక అసిస్టెంటు. ప్లాట్‌ఫారం మీద అరవైమంది సంచులతో నిలబడి ఉండటం చూసి నిజంగానే కదిలిపోయాడు.

"ఎక్కడికి పెద్దాయనా?"

"గుంటూరు ఆస్పత్రికి."

"మీరమ్మా?"

"గుంటూరు ఆస్పత్రికి."

నలుగురు అదే చెప్పారు. అయిదోవాడు క్వారీలో రాళ్ళు కొట్టే మనిషి. చొక్కా గుండీలు ఛాతీ మీద పట్టనంత ఆరోగ్యం. అతనూ గుంటూరు ఆస్పత్రికే అన్నాడు.

"నీకేమైంది?"

ఆ ప్రశ్నకి బాబాయి జవాబు నేర్పలేదు. అతను బాబాయి వంక చూసి, "ఇంకా తెలవదు సార్. ఆడికి పోతే చెప్తారు" అన్నాడు.

ఆఫీసరు ఏదో రాసుకోబోయి తుమ్మాడు. మళ్ళీ తుమ్మాడు. పట్టా కింది నుంచి ఘాటు మెల్లగా బయల్దేరింది. వెనక అసిస్టెంటు దగ్గడం మొదలుపెట్టాడు. ముందువరస ప్రయాణికులూ అందుకున్నారు. మేం పుట్టినప్పటినుంచీ ఆ ఘాటులో ఉన్నవాళ్ళమే, మాకే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయంటే ఆయన సంగతి చెప్పాలా? "చూశారా సార్, అందరికీ ఆరోగ్యాలు ఎట్టా ఉన్నయ్యో" అన్నాడు బాబాయి, దగ్గుల మధ్య నుంచి, కోర్టు గొంతుతో. టేపు పట్టడానికి అడ్డంగా ఉందని అసిస్టెంటు ఒక పెద్ద సూట్‌కేసుని బలంగా పట్టి ఎత్తాడు. అందులో ఏమీ లేదు. అది అతని తల పైదాకా లేచింది, అతను వెనక్కి రెండడుగులు పడ్డాడు.

సరిగ్గా అప్పుడే ప్యాసింజరు వచ్చింది. ఆగలేదు. ఆగకుండా పోయే రైలుని చూసి ఎనభై ఏళ్ళుగా ఎదురుచూస్తున్న ప్రయాణికులు ఉసూరుమనాలి, కనీసం తిట్టుకోవాలి. మావాళ్ళకి ఆ రైలు రోజూ పోతుంది, రోజూ చెయ్యి ఊపడం అలవాటు. అరవైమందీ సంచులు కింద పెట్టి నవ్వుతూ టాటా చెప్పారు. రైల్లోవాళ్ళు కూడా చెప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఈ అర్జీ రాసిందెవరు?"

"నేనే సార్."

"చాలా బాగా రాశారు మేడం. రెండుసార్లు చదివాను. గుర్రం సంగతి మా ఇంట్లో కూడా చెప్పాను."

నేను పొంగిపోయాను. ఆయన చెప్పుకుపోయాడు. ఆల్టు గురించి పైవాళ్ళకి రాస్తాడట, రావచ్చునట. వస్తే పట్టాల పక్కన ఎత్తుగా కొత్త ప్లాట్‌ఫారం కట్టాలి, ఈ పాత రాళ్ళన్నీ లేపాలి, చుట్టూ కంచె వెయ్యాలి. పట్టా అంచు కాలితో కొంచెం లేపి చూసి, "ఇలాంటివి పొయ్యడానికి మాత్రం ఇంక కుదరదు" అన్నాడు.

అంత దగ్గూ ఆగిపోయింది. రైలు వస్తే కళ్ళం పోతుందన్న సంగతి ఇన్నాళ్ళూ అరవైమందిలో ఒక్కళ్ళకీ తట్టలేదు. బీయెడ్ చదివిన నాకూ తట్టలేదు.

అత్త ముందుకొచ్చింది. "అయితే సారూ, మాకు రైలొద్దు."

"అక్కా, నువ్వుండు" అన్నాడు బాబాయి.

"నేనుండను. సారూ, మాకు రైలెందుకు? ఆటోలు తిరగతన్నయ్, బస్సులు తిరగతన్నయ్. ఈళ్ళకెవరికీ జబ్బులు లేవు. ఈ రాళ్ళు లేపొద్దు, అంతే మాకు కావలసింది."

"మరి ఎనభై ఏళ్ళుగా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నామని రాశారే?"

"అది మా అన్న కూతురు రాసింది. పంతులమ్మ. అట్టాంటియ్యి బాగా రాస్తది."

అరవైమందీ నా వైపు చూశారు. ఆస్పత్రికి పోవాల్సిన క్వారీ మనిషి కూడా, నేనేదో మోసం చేసినట్టు చూశాడు.

ఆఫీసరు నవ్వాడు, తుమ్మాడు, వచ్చి రాతి అంచు మీద కూర్చున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. ఈ ప్లాట్‌ఫారం వాళ్ళ కాయితాల్లో ఎక్కడా లేదట. వాళ్ళ దృష్టిలో ఇది వట్టి నాపరాళ్ళ తిన్నె. లారీల దారి ఇటు కాకపోతే అటు వేయించడం ఆయన చేతిలో పనే, వచ్చి ఒక్కమాట అడిగుంటే సున్నం గీత జరిపించేవాడట. "కానీ మీరు ఫోటోలతో, ఆధారాలతో అర్జీ పెట్టారు. ఇప్పుడిది పాత స్టేషను. పాత స్టేషనని తెలిశాక ఇలా వదిలెయ్యడం కుదరదు. కట్టాలి, లేకపోతే ఖాళీ చేయించాలి."

అంటే ఆ రాళ్ళకి ప్రమాదం తెచ్చింది సున్నం గీత కాదు, నా మూడు పేజీలు. నాకు భూమిలోకి పోవాలనిపించింది. అత్త మొహం చూడలేకపోయాను.

"దారేం లేదా సార్?" అని అడిగాను.

"ఉంది. అర్జీ వెనక్కి తీసుకోండి. ఇక్కడ ఎప్పుడూ ఆల్టు లేదు, పొరపాటున రాశామని రాసివ్వండి. నేనూ చూశాను, ఏమీ కనపడలేదని రాసుకుంటాను. మిరపకాయలు పోసుకోమని నేను చెప్పలేనమ్మా. చూడకుండా మాత్రం ఉండగలను." అని, లేచి, పట్టా వైపు వీపు తిప్పి నిలబడి చూపించాడు కూడా.

బాబాయి సంచిలోంచి తెల్లకాయితం అప్పటికే బయటికొచ్చింది. రాతి మీద కూర్చుని నేను రాశాను, ఆయన చెప్పాడు. నాలుగే వాక్యాలు. గట్టిగా చదివాను. ఈ స్థలంలో ఏ కాలంలోనూ రైలు ఆల్టు లేదనీ, సైన్యం గానీ గుర్రాలు గానీ ఇక్కడ దిగలేదనీ, కిందటి అర్జీలో రాసినవన్నీ కట్టుకథలనీ.

"కట్టుకథలంటే?" అంది అత్త.

"అబద్ధాలు అత్తా."

"ఎవరు చెప్పినయ్యి?"

"మనమే."

"మా నాయన చెప్పినయ్యి గందే అయ్యి."

"వద్దులే అత్తా, చించేస్తా. ఇంకేదో చూద్దాం" అన్నాను. ఇంకేదో ఏమిటో నాకు తెలియదు. గీత పడింది ఆమె భాగంలో కాబట్టి ముందు ఆమే వేలిముద్ర వెయ్యాలని, ఆమె వెయ్యనిదే ఎవరూ వెయ్యరని అందరికీ తెలుసు. ఎవరూ తొందరపెట్టలేదు. ఆమె పట్టా వంక చూసింది, ఎండ వంక చూసింది. ఒంగి ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి, ఇంకా మోగడం లేదని పక్కన పడేసింది. తర్వాత బాబాయి పట్టుకున్న సిరాడబ్బాలో బొటనవేలు అద్ది కాయితం మీద గట్టిగా నొక్కింది. మిగతావాళ్ళు వరసగా వచ్చి వేశారు. ఆఫీసరు కాయితం మడిచి ఫైల్లో పెట్టుకుని, తుమ్ముకుంటూ జీపెక్కాడు. సాయంత్రానికి సూపర్‌వైజరు వచ్చి సున్నం గీత మీద మట్టి చల్లి, అవతల ఇంకో గీత గీసుకున్నాడు.

కళ్ళం నిలిచింది, కౌలూ నిలిచింది. అత్త ఈ ఏడు ఇంకో అరెకరం ఎక్కువే వేసింది. మొన్న ఆదివారం నేను తాలుకాయ ఏరుతున్నాను. కాయ కోతకి నూజెండ్ల నుంచి కూలికొచ్చిన ఒకామె కాయ తిరగేస్తూ అడిగింది, "దీన్ని గుర్రాల భాగం అంటారేంది పెద్దమ్మా?" అని.

ఒకప్పుడైతే ఆ ఒక్క ప్రశ్నకి అత్త చీపురు పక్కన పెట్టి గంటసేపు చెప్పేది. చెప్పాలని నేను నోరు తెరిచాను. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏం లేదమ్మా, ఊరికే అంటారు. ఈడ ఏ గుర్రాలూ దిగలేదు. ఏలుముద్ర ఏశాం గందా." అని, కాయ తిరగెయ్యమంది. నా వైపు మాత్రం చూడలేదు.